సొరచేప రెండుసార్లూ పాడైంది

ఆమధ్య ఆఫీసులో ఒక ట్రైనింగ్ పెట్టారు. ఏ కంపెనీ అని అడక్కండి, అన్ని కంపెనీల్లోనూ అదే ట్రైనింగ్, అవే చల్లారిన సమోసాలు. పన్నెండో స్లైడో ఏదో వచ్చేసరికి తెర మీద నోరు తెరిచిన సొరచేప. కింద ఒక పిట్టకథ. 'జాస్' తీసేటప్పుడు మర సొరచేప మొరాయించింది, అందుకని స్పీల్‌బర్గ్ దాన్ని చూపించకుండానే జనాన్ని భయపెట్టాడు, అందుకే అది అంత గొప్ప సినిమా అయింది. కాబట్టి చేతిలో వనరులు తక్కువైనప్పుడే బుర్ర బాగా పనిచేస్తుంది. మా డామేజరు గారు ఈ ముక్క చెప్పి, అదే ఊపులో వచ్చే రిలీజుకి టెస్టింగ్ టీములో ఆరుగురికి బదులు ఇద్దరే ఉంటారని కూడా చెప్పేశారు.

అందరం చప్పట్లు కొట్టాం. ఏం చేస్తాం మరి!

కానీ నాకు లోపల మండింది. చిన్నప్పుడు కేబుల్ టీవీలో చూసిన దగ్గర్నుంచీ జాస్ అంటే నాకు కొంచెం పిచ్చి. మొదటి భాగం, రెండో భాగం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. (మూడు, నాలుగు భాగాల ఊసెత్తకండి ప్లీజ్.) ఆ స్లైడు చెప్పింది సగం కథే. మిగతా సగం 'జాస్ 2' చరిత్రలో ఉంది. అదెవరూ స్లైడుల్లో పెట్టరు.

మొదట్నుంచీ వస్తాను. పీటర్ బెంచ్లీ నవల 1974లో వచ్చింది. అచ్చు కాకముందే రిచర్డ్ జానక్, డేవిడ్ బ్రౌన్ అనే నిర్మాతలు సినిమా హక్కులు కొనేసి, స్పీల్‌బర్గ్ చేతిలో పెట్టారు. 1974 మే నెలలో మార్థాస్ విన్‌యార్డ్ అనే దీవిలో షూటింగ్ మొదలయ్యేనాటికి అతని వయసు 27. (నేను ఆ వయసులో ఏం చేస్తున్నానో ఇక్కడ అప్రస్తుతం.) స్టూడియో ట్యాంకులో కాకుండా నిజం సముద్రంలోనే తీస్తానని పట్టుబట్టాడు. అప్పటికి స్క్రిప్టు పూర్తి కాలేదు. జూన్ నెలాఖరుకి నటుల సంఘంతో ఒప్పందం ముగుస్తుంది, సమ్మె రావచ్చు, ఆలోగా లాగించెయ్యాలని స్టూడియో తొందర. డెడ్‌లైను ముందు, రిక్వైర్‌మెంట్లు తరవాత. ఎక్కడో విన్నట్టుంది కదూ?

సొరచేపల్ని తయారుచేసింది బాబ్ మ్యాటీ. డిస్నీ వాళ్ళ '20,000 లీగ్స్ అండర్ ది సీ'కి రాక్షస స్క్విడ్‌ని చేసిపెట్టిన ఆసామి, రిటైరై ఇంట్లో ఉంటే పిలిపించారు. సుమారు 25 అడుగుల పొడవున్న సొరచేపలు మూడు. ఒకటి పూర్తి శరీరం ఉన్నది, మిగతా రెండూ ఒకపక్క మాత్రమే చర్మం ఉండి రెండోపక్క గొట్టాలూ, వాల్వులూ బయటికి కనిపించేవి. గాలి ఒత్తిడితో నడుస్తాయి. సెట్లో వాటికి 'బ్రూస్' అని పేరు పెట్టుకున్నారు, అది స్పీల్‌బర్గ్ లాయరు పేరు. ఈ బ్రూస్ గారిని ఉప్పునీళ్ళలో సరిగ్గా పరీక్షించకుండానే సముద్రంలోకి దింపారు. ఉప్పు వాల్వుల్ని తినేసింది. చర్మం నీళ్ళు పీల్చుకుని ఉబ్బింది. ఒకటైతే అడుక్కి వెళ్ళిపోయింది.

అంటే బ్రూస్ మొరాయించడానికి కారణమే సరిగ్గా టెస్టింగ్ చెయ్యకపోవడం! టెస్టర్లని తగ్గిస్తూ చెప్పడానికి మా సారుకి దొరికిన కథ ఇది.

దానికి కట్టిన మూల్యం కూడా చిన్నది కాదు. 55 రోజులనుకున్న షూటింగ్ 159 రోజులు సాగింది. 40 లక్షల డాలర్లనుకున్న ఖర్చు 90 లక్షలు దాటింది. ఇంకెవరూ తనకి సినిమా ఇవ్వరని స్పీల్‌బర్గ్ భయపడిపోయాడు. స్లైడులో ఈ అంకెలు లేవు మరి.

సరే, ఆ ఖాళీ రోజుల్లో ఏం జరిగింది? ఇదే నాకు ఇష్టమైన భాగం. రచయిత కార్ల్ గాట్లీబ్, స్పీల్‌బర్గ్ ఒకే అద్దె ఇంట్లో ఉండేవాళ్ళు. రాత్రి భోజనాల దగ్గర నటులతో కూర్చుని మర్నాటి సీను మాట్లాడుకోవడం, అది రాసుకోవడం, పొద్దున్నే తీసెయ్యడం. బ్రోడీకి అతని చిన్నకొడుక్కీ మధ్య భోజనాల బల్ల దగ్గర ఒక సీనుంటుంది, నాన్న ఎలా చేస్తే పిల్లాడు అలా చేస్తాడు. సొరచేపతో ఏ సంబంధమూ లేదు దానికి. కానీ ఆ తరవాత ఆ మనిషి నీళ్ళలోకి దిగుతుంటే మనకి కడుపులో తిప్పుతుంది చూడండి, అది ఆ సీను మహిమే. పెద్ద పడవ కావాలన్న ప్రసిద్ధమైన డైలాగు కూడా రాయ్ షైడర్ అప్పటికప్పుడు అన్నదే.

రాత్రి పడవలో ముగ్గురూ తాగి మచ్చలు చూపించుకుంటూ ఉండగా క్వింట్ యుద్ధకాలపు కథ చెప్పే సీను ఇంకొకటి. ఇండియానాపోలిస్ అనే యుద్ధనౌక అణుబాంబు భాగాల్ని టినియాన్ దీవిలో దించి తిరిగొస్తూ 1945 జులై 30న మునిగింది. సుమారు 1,195 మందిలో బతికింది 316 మంది. (సినిమాలో క్వింట్ జూన్ 29 అంటాడు. అది తప్పు. అయినా ఆ నాలుగు నిమిషాలూ ఎవరికీ తేదీ గుర్తుండదు.) సొరచేప పెద్దగా పనిలేని ఈ సీనే సినిమాలో అన్నిటికంటే భయంకరమైనది. దీనికి మూలం హోవార్డ్ సాక్లర్, పెంచింది జాన్ మిలియస్, చివరికి తన నోటికి తగ్గట్టు చెక్కుకున్నది క్వింట్ వేషం వేసిన రాబర్ట్ షా.

ఇక ఎడిటర్ వెర్నా ఫీల్డ్స్. బ్రూస్ కనపడే ముక్కల్లో ఏ క్షణం దాకా అది నిజం సొరచేపలా ఉంటుందో, ఎక్కడ రబ్బరు బొమ్మ అయిపోతుందో పట్టుకుని కత్తిరించింది ఆవిడే. సొరచేప తల నీళ్ళ పైకొచ్చి సుబ్బరంగా కనిపించేసరికి సినిమా మొదలై దాదాపు గంటా ఇరవై నిమిషాలవుతుంది. అప్పటిదాకా జాన్ విలియమ్స్ రెండు స్వరాలూ, పసుపుపచ్చ పీపాలూ, విరిగిన పడవల రేవు చెక్కా, వీటితోనే లాక్కొచ్చారు. ఫీల్డ్స్‌కీ, విలియమ్స్‌కీ ఆస్కార్లు వచ్చాయి. 1975 జూన్ 20న 409 థియేటర్లలో విడుదలైంది. ఆ తరవాతి కథ అందరికీ తెలిసిందే.

ఇప్పుడు రెండో భాగం. స్పీల్‌బర్గ్ రానన్నాడు. సాక్లర్ ఒక మంచి ఆలోచన చెప్పాడు: ముందుకెళ్ళొద్దు, వెనక్కెళ్ళి ఆ ఇండియానాపోలిస్ కథే తీద్దాం అని. యూనివర్సల్ అధ్యక్షుడు సిడ్నీ షైన్‌బర్గ్ బాగుందంటూనే వద్దన్నాడు. మళ్ళీ ఆమిటీ దీవి, మళ్ళీ సొరచేప.

దర్శకుడిగా జాన్ హాన్‌కాక్ వచ్చాడు. ఇతను అనుకున్న ఆమిటీ వేరు. మొదటి సొరచేప దెబ్బకి టూరిస్టులు రావడం మానేసి, షాపులు మూతబడి, చెక్కలు కొట్టేసిన కిటికీలతో ఈసురోమంటున్న ఊరు. నన్నడిగితే సీక్వెల్ చెప్పాల్సిన కథ అదే. చేప చచ్చిపోయింది, ఊరు మాత్రం కోలుకోలేదు. ఇండస్ట్రీ మూతపడ్డ ఊళ్ళు చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. స్టూడియోకి ఆ దిగులు నచ్చలేదు. 1977 జూన్‌లో, షూటింగ్ మొదలైన కొన్ని వారాలకే, హాన్‌కాక్‌ని తీసేశారు.

ఇక్కడ నాకు చరిత్రలో అతి విచిత్రంగా అనిపించే మలుపు ఒకటుంది. ఖాళీ అయిన కుర్చీలో వెర్నా ఫీల్డ్స్, కళాదర్శకుడు జో ఆల్వ్స్ కలిసి కూర్చుంటామన్నారు. ఆవిడ అప్పటికే యూనివర్సల్‌లో వైస్ ప్రెసిడెంటు. బ్రూస్‌ని ఎంతసేపు చూపించాలో ప్రపంచంలో ఆవిడకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. కానీ దర్శకుల సంఘం ఒప్పుకోలేదు. అంతకుముందు 'ది అవుట్‌లా జోసీ వేల్స్' సినిమాలో ఫిలిప్ కాఫ్‌మన్‌ని తీసేసి హీరో క్లింట్ ఈస్ట్‌వుడ్డే దర్శకత్వం చేపట్టాడు. దాని మీద గొడవై, తీసేసిన దర్శకుడి స్థానంలోకి అదే సినిమాలో పనిచేసేవాళ్ళు రాకూడదని సంఘం పట్టుబట్టింది. న్యాయమైన నియమమే, దర్శకుల మీద కుట్రలు జరక్కుండా. అదొచ్చి సరిగ్గా ఈవిడకే అడ్డు తగిలింది. చివరికి జెనో ష్వార్క్ వచ్చాడు.

హీరో సంగతి ఇంకో తమాషా. షైడర్‌కి ఈ సినిమా చెయ్యాలని లేదు. 'ది డీర్ హంటర్' నుంచి చివరి నిమిషంలో తప్పుకున్నందుకు యూనివర్సల్‌కి బాకీ పడ్డాడు. జాస్ 2 చేస్తే ఆ బాకీ రద్దు అన్నారు, చేశాడు. సినిమా అంతా బ్రోడీ మొహంలో ఒక విసుగూ, చిరాకూ కనిపిస్తాయి. అందులో నటన ఎంతో, బాండు మీద పనిచేస్తున్నవాడి మంట ఎంతో మీరే తేల్చుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. జాస్ 2కి డబ్బు దండిగా ఉంది, ఖర్చు 2 కోట్ల డాలర్ల దాకా వెళ్ళింది. అదే బాబ్ మ్యాటీ, అదే జో ఆల్వ్స్, అదే గాట్లీబ్, అదే విలియమ్స్. అయినా ఉప్పునీళ్ళు మళ్ళీ సొరచేపని తినేశాయి. మళ్ళీ మొరాయింపులు, మళ్ళీ ఖాళీ రోజులు. ఫ్లోరిడా తీరంలో బార్జి మీద కట్టిన నకిలీ దీవి కట్లు తెంచుకుని కొట్టుకుపోతే వెంటపడి తెచ్చుకున్నారు. షూటింగ్ డిసెంబరు చలిలోకి జారిపోయింది. వేసవి సెలవుల కథ కదా, నోట్లోంచి ఆవిరి కనిపించకూడదని పాపం ఆ కుర్రనటుల చేత ఐసుముక్కలు చప్పరింపించారు.

అంటే కష్టాలూ అవే, బగ్గులూ అవే. మరి సృజనాత్మకత పొంగాలి కదా సారూ? పొంగలేదే!

కారణం నాకు తోచింది చెప్తాను. ష్వార్క్ వాదన ప్రకారం ప్రేక్షకులు సొరచేపని ఒకసారి చూసేశారు కాబట్టి ఇక దాచి లాభం లేదు, బాగా చూపించాలి. తర్కానికి తప్పు పట్టలేం. కానీ ఆ నిర్ణయం ముందే అయిపోవడంతో, చేప పాడైన రోజున చెయ్యగలిగింది బాగుచేసేదాకా ఆగడమే. మొదటిసారి ఆ రోజుల్లో మనుషుల గురించి రాసుకున్నారు. ఈసారి మనుషులంటే పడవలెక్కిన పదిమంది టీనేజర్లు. వాళ్ళ పేర్లు నాకు ఇన్నిసార్లు చూసినా గుర్తుండవు, అరుపులు మాత్రం గుర్తున్నాయి. సొరచేప హెలికాప్టర్‌ని కూడా నీళ్ళలోకి లాగేస్తుంది. అప్పుడు భయం వెయ్యదు, 'ఓహో' అనిపిస్తుంది.

మనవాళ్ళు ఇలాంటిదానికి ఫ్రెడ్ బ్రూక్స్ చెప్పిన 'రెండో సిస్టం' సిద్ధాంతం చెప్తుంటారు. మొదటిది ఒళ్ళు దగ్గరపెట్టుకుని కట్టినవాడు రెండోదాంట్లో ఉన్నవన్నీ కుక్కేస్తాడని. ఆ పుస్తకం కూడా 1975లోనే రావడం భలే కాకతాళీయం. కానీ అది ఒకే మనిషి కట్టే రెండో సిస్టం గురించి. స్పీల్‌బర్గ్ విషయంలో అది 1979 నాటి '1941'కి సరిపోతుందేమో (దాని మొదటి సీను జాస్ మొదటి సీనుకి పేరడీ, నటి కూడా ఆవిడే). జాస్ 2 మాత్రం మెయింటెనెన్స్ ప్రాజెక్టు. అసలు డిజైనరు వెళ్ళిపోయాడు, డిజైన్ తెలిసిన ఆవిణ్ణి నియమం కూర్చోనివ్వలేదు, కేటీ మొత్తం చేప తయారీ గురించే జరిగింది.

అయితే జాస్ 2 చెత్త సినిమా అని నేననను. 1978 జూన్ 16న విడుదలై మొదటి వారాంతంలోనే దాదాపు కోటి డాలర్లు చేసింది. మొత్తమ్మీద 20 కోట్లు దాటింది. లెక్కల్లో సూపర్ హిట్టు. పైగా మధ్యలో ఒక ఇరవై నిమిషాలుంది, అది మొదటిదానికి ఏమాత్రం తీసిపోదు. బీచి టవరు మీద కూర్చున్న బ్రోడీకి నీళ్ళలో నల్లగా ఏదో కనిపిస్తుంది. జనాన్ని బయటికి రమ్మని అరుస్తూ తుపాకీ పేలుస్తాడు. తీరా చూస్తే అది చేపల గుంపు. ఖాళీ తూటాలు ఏరుకుంటూ ఇసకలో వంగిన ఆ మనిషిని ఊరంతా చూస్తుంది. తరవాత, చనిపోయిన డైవర్ల కెమెరాలో దొరికిన ఫొటో పట్టుకుని కౌన్సిల్ ముందుకెళ్తాడు. అతనికి అందులో సొరచేప కన్ను కనిపిస్తోంది. వాళ్ళకి మసక తప్ప ఏమీ కనిపించదు. ఉద్యోగం పీకేస్తారు.

ఆ గదిలో చేప లేదు, నీళ్ళు కూడా లేవు. ఒకసారి నిజమే చెప్పి గెలిచినవాడి మాట కూడా రెండోసారి ఎవరూ నమ్మకపోవడం ఉంది. హాన్‌కాక్ తియ్యాలనుకున్న ఊరు ఆ ఒక్క గదిలో కాసేపు కనపడి మాయమవుతుంది.

మా రిలీజు సంగతి అడుగుతారేమో. ఇద్దరు టెస్టర్లతోనే వెళ్ళింది. రెండో రోజు రాత్రి పదకొండున్నరకి ఫోనొచ్చింది. లాగ్ ఫైలు స్క్రీన్ షాట్ పంపి, ఈ లైను చూడండి, నేను పోయిన నెలే చెప్పాను అన్నాను. అటునుంచి, అందులో ఏం కనిపించడం లేదే అన్నారు.