గోడ పట్టుకుని

మా ఊళ్ళో ఈ జబ్బుని పేరు పెట్టి పిలవరు. "ఆయనకి చెయ్యీ కాలూ పడిపోయాయి" అంటారు, అంతే. పక్షవాతం అన్న మాటలో పక్షమంటే ఒంట్లో ఒక పక్క, వాతమంటే గాలి. గ్రీకు వైద్యులు దీన్ని కొట్టి పడేసే జబ్బు అన్నారు. ఇవాళ మనం వాడే స్ట్రోక్ అన్న మాటకీ అర్థం దెబ్బే. ఆ దెబ్బ తగిలేది మెదడులో అని శవపరీక్షలతో చూపించినవాడు స్విట్జర్లండ్ వైద్యుడు యోహాన్ యాకోబ్ వెప్ఫర్. 1658లో అచ్చయిన పుస్తకంలో అతను మెదడులో గడ్డకట్టిన రక్తం గురించి రాశాడు. ఆ తర్వాత మూడొందల ఏళ్ళకి కూడా, పడిన మనిషిని మళ్ళీ ఎలా నడిపించాలి అన్న ప్రశ్న ఇంకా తేలలేదు.

1994లో మా నాన్నకి కుడి పక్క పడిపోయింది. ఆసుపత్రి నుంచి మందుల చీటీతో పంపించేశారు. పక్కింటి బాబాయి పావురం రక్తం రాయమన్నాడు. అమ్మ రాయలేదు కానీ రోజూ నువ్వుల నూనెతో కాలు తోమేది. అన్నం నోటికే పెట్టేవాళ్ళం. నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం నాన్న ఎడమచేత్తో వరండా గోడ పట్టుకుని తనంతట తనే లేచి నిలబడ్డాడు. అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, "అయ్యో, పడిపోతారండీ, కూచోండి" అని భుజం పట్టి కూచోబెట్టింది. నేనే కుర్చీ జరిపాను. మళ్ళీ ఆయన లేవలేదు.

చాలా ఏళ్ళ తర్వాత పేద్రో బాక్-ఇ-రీటా కథ చదివాను. ఆయన కాటలాన్ కవి, న్యూయార్క్ సిటీ కాలేజీలో ప్రొఫెసరు. 65వ ఏట స్ట్రోక్ వచ్చి మాటా నడకా పోయాయి. ఆసుపత్రిలో నాలుగు వారాల చికిత్స అయింది, ఇక చేసేదేం లేదన్నారు. చిన్నకొడుకు జార్జి మెక్సికోలో వైద్యవిద్యార్థి. పునరావాసం గురించి తనకేమీ తెలియదు, అందుకే పాత నమ్మకాలేవీ అడ్డురాలేదు. పసిపిల్లలు ముందు పాకి, తర్వాత కదా నడుస్తారు అనుకుని తండ్రిని నేలమీదికి దించాడు. బలంలేని భుజాన్ని గోడకి ఆనించి నెలల తరబడి పాకించాడు. గోళీలు దొర్లించి పట్టుకోమన్నాడు. గిన్నెలు తోమించాడు. పెద్దమనిషిని అలా పాకించటం మర్యాదేనా అని ఇరుగుపొరుగు చెవులు కొరుక్కున్నారు. పేద్రో మాత్రం పాకాడు, మోకాళ్ళమీద నిలిచాడు, నడిచాడు. 68వ ఏట మళ్ళీ పూర్తికాలం పాఠాలు చెప్పాడు. 72వ ఏట కొలంబియా కొండలెక్కుతూ గుండెపోటుతో పోయాడు.

శవపరీక్షలో మెదడు చూసినవాళ్ళు ఆశ్చర్యపోయారు. మెదడు నుంచి వెన్నుకి వెళ్ళే నరాల దారుల్లో చాలా భాగం అప్పటికీ నాశనమయ్యే ఉంది. దెబ్బ మానలేదు, మిగిలిన భాగమే పని నేర్చుకుంది. పెద్దవాళ్ళ నరాల దారులు మారవని ఎన్నో ఏళ్ళుగా నమ్ముతున్న వైద్యానికి ఇది మింగుడుపడని సంగతి. డాక్టరైన పెద్దకొడుకు పాల్ ఆ తర్వాత పునరావాసం వైపు మళ్ళి, మెదడుకున్న మారే గుణం మీదే జీవితమంతా పనిచేశాడు.

ఎడ్వర్డ్ టాబ్ కోతుల మీద చేసిన ప్రయోగాలు చదివినప్పుడు ఇంకా నొప్పి అనిపించింది. స్పర్శనరాలు తెగిన చేతిని కోతి వాడటం మానేస్తుంది. బాగున్న చేతిని కట్టేస్తే, మానేసిన చెయ్యే పనిలోకి వస్తుంది. అంటే వాడకపోవటం కూడా ఒక నేర్చుకున్న అలవాటే. నాన్నకి మేం అదే నేర్పామా? ముద్ద నోటికి పెట్టి, కుర్చీ జరిపి?

ఈ ప్రశ్నకి జార్జి కథ ఒక్కటే జవాబైతే నాకు క్షమాపణ లేదు. కానీ ఒక్క ఇంటి కథని వైద్యచరిత్ర అనుకోకూడదు. 2015లో వచ్చిన అవెర్ట్ పరిశోధనలో 2,104 మంది రోగులున్నారు. స్ట్రోక్ వచ్చిన 24 గంటల్లోపే లేపి గట్టిగా కదిలించటం మొదలుపెడితే మేలు కాలేదు, ఫలితాలు తగ్గాయి. 2017లో అటెండ్ అనే పరిశోధన మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో జరిగింది. కుటుంబసభ్యులకి వ్యాయామాలు నేర్పి ఇంటి దగ్గర చేయించమన్నారు. ఆరు నెలల తర్వాత చూస్తే, మామూలు వైద్యం పొందినవాళ్ళకీ వీళ్ళకీ తేడా కనిపించలేదు. ప్రేమకి తోడు కాస్త శిక్షణ ఇచ్చినా సరిపోలేదన్నమాట.

మరేం కావాలి? 2011లో అమెరికాలో 408 మందితో చేసిన లీప్స్ పరిశోధనలో కొందరిని పట్టీలతో వేలాడదీసి ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. మరికొందరి ఇళ్ళకి ఫిజియోథెరపిస్టు వెళ్ళి బలానికీ నిలకడకీ వ్యాయామాలు చేయించాడు. ఏడాది తిరిగేసరికి రెండు పద్ధతులూ సమానమే. మొత్తంమీద సగం మందికి పైగా నడక మెరుగయింది. ఖరీదైన యంత్రం లేకపోయినా ఫరవాలేదు, పని తెలిసిన మనిషి మాత్రం ఇంటికి రావాలి, వస్తూనే ఉండాలి.

1994లో మా ఊరికి అలాంటి మనిషి రాలేదు. ఇప్పటికీ ఎన్ని ఊళ్ళకి వస్తున్నాడు?

అమ్మ భయం తప్పు కాదు. నాన్న నిజంగానే పడిపోయేవాడేమో. ఆ మధ్యాహ్నం ఆయన్ని కూచోబెట్టకుండా, పడనివ్వకుండా, ఎక్కడ పట్టుకోవాలో తెలిసిన ఒక చెయ్యి ఆ వరండాలో లేదు. అది లేనిచోట మాకు తెలిసింది కుర్చీ ఒక్కటే.