చంద్రకాంత దుంప

చంద్రకాంత మొక్కను నేను పెంచానని గొప్ప చెప్పుకున్నవాళ్ళు నాకింతవరకూ తగల్లేదు. దాని గింజ అదే రాల్చుకుంటుంది, తొలకరికి అదే మొలుస్తుంది, నూతిగట్టు పక్కన అంట్లు తోమిన నీళ్ళు తాగి, సాయంత్రం నాలుగు దాటగానే పూస్తుంది. గింజలు అచ్చం మిరియాలే. చిన్నప్పుడు మా బందర్లో ఆడపిల్లలం వాటితో ఉత్తుత్తి చారు కాచేవాళ్ళం. (అవి తింటే విషమని చాలా ఏళ్ళకి చదివి గుండెలు బాదుకున్నాను!) పువ్వుకి కాడ పొడుగు గనుక దారం లేకుండానే జడలా అల్లేసేవాళ్ళం.

ఇంత చనువుగా మన దొడ్లో తిరిగే ఈ పిల్ల పుట్టిల్లు అమెరికా ఖండమంటే మా అమ్మమ్మ నమ్మేది కాదు. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్ళు దీన్ని ఐరోపాకి పట్టుకుపోయారు. 1597లో జాన్ జెరార్డ్ అనే ఇంగ్లీషాయన తన మూలికల గ్రంథంలో ‘పెరూ వింత’ అంటూ దీన్ని వర్ణించాడు. తరవాత తెల్లవాళ్ళ ఓడల వెంట ఆసియా తీరాలకీ చేరింది. బందరుకి 1605లో డచ్చివాళ్ళూ, 1611లో ఇంగ్లీషువాళ్ళూ వచ్చి అద్దకం బట్టలు బేరమాడిన రోజులవి.

అమ్మమ్మగారిది దివిసీమలో అవనిగడ్డ దగ్గర పల్లె. వాళ్ళ దొడ్లో చంద్రకాంత పసుపు మీద ఎర్రచారలతో పూసేది. 1976లో పెళ్ళయి బందరు కాపురానికొస్తూ అమ్మ నాలుగు మొలకలు పెరుక్కుందట. “మొలకలెందుకే పిచ్చిమొహమా! అవి ఏ రంగు పూస్తాయో ఎవరికెరుక? ఈ పువ్వే కావాలంటే దుంప తీసుకెళ్ళు” అని అమ్మమ్మ గునపం పట్టుకుందట.

అమ్మమ్మ మాటలో శాస్త్రమే ఉంది. పూలరంగు తల్లీ తండ్రీ ఇద్దరి వాటా. ఎరుపు తెలుపుల సంకరానికి గులాబి పుడుతుంది. ఆకు సంగతి వేరు. ఆకుల మీది తెలుపు తల్లిమొక్క నుంచే సంక్రమిస్తుందని 1909లో కార్ల్ కోరెన్స్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఈ చంద్రకాంత మీదే తేల్చాడు. దుంపకి ఈ గొడవలేం లేవు. తవ్వి ఎక్కడ పాతినా ఆ మొక్క ఆ మొక్కే.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. లెక్కకు తేలిన చావులే సుమారు 10,000. అమ్మమ్మ వాళ్ళు ఊళ్ళో మేడ ఎక్కి బతికారు. దొడ్డి బతకలేదు. ఉప్పునీళ్ళు నిలిచి దుంపలన్నీ కుళ్ళిపోయాయి. రెండు వానాకాలాలు పోయి, మట్టిలో ఉప్పు కాస్త కడిగినాక, అమ్మమ్మ చల్లపల్లి మీదుగా బస్సులో బందరొచ్చింది. అమ్మ చీర పెట్టబోతే వద్దని, “నా దుంపలో ఓ పిలక ఇయ్యవే” అందట. ఈ ముక్క చెప్పినప్పుడల్లా అమ్మ గొంతు పూడుకుపోయేది.

బందరు ఇల్లు కిందటేడు అమ్మేశాం. నేనుండేది గుడివాడలో. చలికాలంలో పూత అయిపోయాక కాండం జానెడుంచి కోసి, చుట్టూ మూరెడు దూరం వదిలి తవ్వించాను. పాతదుంప ముల్లంగిలా లోతుకి దిగి ఉంటుంది, తొందరపడితే విరుగుతుంది. విరిగింది కూడాను! గాయానికి బూడిద పూసి రెండ్రోజులు నీడనుంచాను. గుడివాడ నల్లమట్టిలో నీళ్ళు నిలుస్తాయి కనక ఇసక కలిపి చిన్న గట్టు చేసి పాతాను. మొలకలకైతే ఇంత తతంగం లేదు. నాలుగాకులప్పుడే, చల్లటిపూట, మట్టిగడ్డతో సహా లేవదీస్తే చాలు.

జూన్ దాకా ఉలుకూ పలుకూ లేదు. అమ్మ ఫోన్లో రోజూ అడిగేది. నేను మాట తప్పించేదాన్ని. తరవాత ఓ పొద్దున ఎర్రటి మొటిక లేచింది. మొన్న పూసింది, పసుపు మీద ఎర్రచార. గట్టు మట్టితో వచ్చిన గింజలు గూడా మొలిచి పూశాయి: రెండు వట్టి పసుపు, ఒకటి గులాబి. పక్కింటి పిన్నిగారు ముచ్చటపడితే ఆ మూడూ ఇచ్చేశాను. దుంప మాత్రం అడగొద్దన్నాను.