వీడికేం టాలెంటు ఉంది?

మొన్న ఒక గృహప్రవేశంలో జరిగిన సంగతి. మా అక్క కొడుక్కి ఏడేళ్ళు, ఆటిజం ఉంది. ఎక్కడికెళ్ళినా నోట్‌బుక్కు నిండా సీలింగ్ ఫ్యాన్లు గీస్తుంటాడు. వరసకి పిన్ని అయ్యే ఒకావిడ ఆ పుస్తకం తిరగేసి, "ఇలాంటి పిల్లల్లో ఏదో ఒక గొప్ప టాలెంటు ఉంటుందట కదే, మరి వీడికేముంది?" అనడిగింది. పాపం, మంచి మనసుతోనే అడిగింది. అక్క నవ్వి ఊరుకుంది. నాకే ఈ ప్రశ్న ఎక్కడ పుట్టిందా అని బుర్ర తొలిచేసింది.

అమెరికాలో లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసి ఆటిజానికి ఒక రూపం ఇచ్చింది 1943లో. ఆ తర్వాత చాలా ఏళ్ళు నేరమంతా తల్లిదండ్రుల మీద, ముఖ్యంగా తల్లుల మీద పడింది. షికాగోలో బ్రూనో బెటెల్‌హైమ్ 1959లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో జోయీ అనే పిల్లాడి గురించి రాశాడు. తనొక యంత్రాన్నని, కరెంటుతో నడుస్తానని నమ్మిన పిల్లాడు. వ్యాసంలో వాడి బొమ్మలూ వేశారు. కానీ వాటిని బొమ్మలుగా చూడమని కాదు, ఇంట్లో ప్రేమ దొరక్క పిల్లాడు ఇలా అయ్యాడనడానికి సాక్ష్యాలుగా!

తర్వాత నాడియా వచ్చింది. 1967లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో పుట్టిన అమ్మాయి. మాటలు దాదాపు లేవు. మూడున్నరేళ్ళకే బాల్‌పెన్నుతో పరిగెత్తే గుర్రాలు గీసేసింది, దగ్గరా దూరం తేడాలతో సహా. లోర్నా సెల్ఫ్ అనే సైకాలజిస్టు 1977లో ఆ బొమ్మలతో పుస్తకం తెచ్చింది. 1998లో నికొలస్ హంఫ్రీ వాటిని ఫ్రాన్సులోని షోవే గుహల్లో దొరికిన, దాదాపు 30,000 ఏళ్ళనాటి బొమ్మలతో పోల్చాడు. అంత పేరొచ్చింది. అయితే కొన్ని మాటలు నేర్చుకున్నాక ఆ గీత పోయింది. అయ్యో, కళ పోయిందే అని బాధపడ్డవాళ్ళున్నారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. అమ్మాయికి నాలుగు మాటలొచ్చాయని సంతోషించాలా, మనకి చూడ్డానికి గుర్రాలు లేవని ఏడవాలా? నాడియా 2015లో చనిపోయింది.

మాటొస్తే బొమ్మ పోవాలనేం లేదని చూపించినవాడు లండన్ కుర్రాడు స్టీఫెన్ విల్ట్‌షైర్ (1974లో పుట్టాడు). వాడి చేత అడిగించాలని స్కూల్లో టీచర్లు కాయితాలు దాచేసేవారట. అలా వచ్చిన మొదటి మాట 'పేపర్'! 1987లో బీబీసీ అతన్ని చూపించిన కార్యక్రమం పేరు మాత్రం 'ది ఫూలిష్ వైజ్ వన్స్'. మెచ్చుకుంటూనే తెలివితక్కువవాళ్ళని పేరు పెట్టారన్నమాట. 2005లో హెలికాప్టర్లోంచి కాసేపు చూసి టోక్యో నగరాన్ని పది మీటర్ల కాన్వాసు మీద గీశాడు.

ఈ మధ్యలో 1988లో 'రెయిన్ మ్యాన్' సినిమా. దాంతో ఆటిజం అంటే అద్భుత శక్తి అనే ముద్ర పడిపోయింది. మా పిన్ని ఆ సినిమా చూసి ఉండదు, కానీ ప్రశ్న అక్కడిదే.

2007లో ఐక్యరాజ్యసమితి ఏప్రిల్ 2ని ఆటిజం అవగాహన దినంగా ప్రకటించింది. 2012లో ఆటిజం ఉన్నవాళ్ళు వేసిన బొమ్మలతో తపాలా బిళ్ళలు కూడా తెచ్చింది. మంచిదే. రోగ లక్షణంగా చూసిన గీత మీద గీసినవాళ్ళ హక్కు ఒప్పుకోవడం చిన్న విషయమేం కాదు. కానీ క్లయింటుకి డెమో ఇచ్చేటప్పుడు మనం పనిచేసే ఫీచర్లే చూపిస్తాం చూడండి, ప్రదర్శనల్లోనూ అంతే. గోడకెక్కేవి ముచ్చటైన బొమ్మలే. ఫ్యాన్లు ఎక్కవు.

పిన్ని వెళ్ళాక నేనూ ఆ పుస్తకం తిరగేశాను. నిజం చెప్పాలంటే బొమ్మలు గొప్పగా ఏం లేవు, వంకర టింకర గీతలు. ఒకదాంట్లో మాత్రం ఒక రెక్క చివర కిందకి వంగి ఉంది.

"ఇది ఎవరింట్లోది నాన్నా?" అన్నాను.

నా వైపు చూడకుండానే "అమ్మమ్మ ఫ్యాను" అన్నాడు, పుస్తకం లాక్కుని పేజీ తిప్పాడు.