సినమన్ రోల్స్ ఇంట్లో చేస్తే పిండి పులిసిపోతోందా? మన ఎండలకు తగ్గ కొలతలు, టైమింగ్స్ ఇవే..

మెత్తగా, పొరలు పొరలుగా, పైన తెల్లటి ఐసింగ్ కారుతూ కనిపించే సినమన్ రోల్స్.. రీల్స్ పుణ్యమా అని ఇప్పుడు చిన్న టౌన్లలో పిల్లలు కూడా వీటిని అడుగుతున్నారు. మైదా, వెన్న, పాలు, చక్కెర, దాల్చిన చెక్క.. అన్నీ మన కిరాణాలో దొరికేవే. అయినా వీడియోలో చూపించినట్టే చేసినా చాలామందికి రోల్స్ గట్టిపడుతున్నాయి, లేదంటే పుల్లటి వాసన వస్తున్నాయి. ఎందుకిలా? అసలు విషయం టైమింగ్‌లో ఉంది.

మనం చూసే రెసిపీలు ఎక్కువగా అమెరికా, యూరప్ కిచెన్ల నుంచి వచ్చినవి. అక్కడ ఇంట్లో 20, 22 డిగ్రీలు ఉంటే "వెచ్చటి చోట గంటన్నర పెట్టండి" అంటారు. అదే మాట పట్టుకుని వనపర్తి జిల్లా కొత్తకోటలో ఏప్రిల్ మధ్యాహ్నం గంటన్నర పెడితే? మా ఇంట్లో అదే జరిగింది. డల్లాస్‌లో ఉంటున్న అక్క పంపిన రెసిపీ, కొలతలు పక్కాగా పాటించాం. మూత తీస్తే పిండి గిన్నె దాటి పొంగి, మధ్యలో కుంగిపోయి ఉంది. వాసన చూసి అమ్మ ఒకటే మాట అంది.. "ఇది కల్లు వాసన గదరా!" నిజమే. వెన్న, పాలు, మైదా అన్నీ వేస్ట్. రెసిపీ సముద్రం దాటి వచ్చింది కానీ దాని గడియారం మన దగ్గర పనిచేయలేదు.

పిండికి అసలేం జరుగుతుంది?

ఈస్ట్ అంటే కంటికి కనిపించని సూక్ష్మజీవి. పిండిలోని చక్కెరను తిని కార్బన్ డయాక్సైడ్, ఆల్కహాల్ వదులుతుంది. ఆ గ్యాస్ వల్లే పిండి పొంగుతుంది. ఈస్ట్ పిండికి 24 నుంచి 27 డిగ్రీల వేడి సరిగ్గా సరిపోతుంది. అంతకంటే పెరిగే కొద్దీ ఈస్ట్ స్పీడ్ పెరుగుతుంది. పాలమూరు వైపు వేసవిలో బయట 40 డిగ్రీలు దాటుతుంది, వంటింట్లో ఫ్యాన్ వేసినా 35 డిగ్రీలకు పైనే. అలాంటప్పుడు గంటన్నర పని ముప్పావు గంటలో అయిపోతుంది. ఆ తర్వాత కూడా అలాగే వదిలేస్తే గ్యాస్‌ను పట్టి ఉంచే పొరలు తెగిపోయి, పిండి కుంగి, కల్లు వాసన కొడుతుంది. కల్లు పులిసేది కూడా ఈస్ట్ వల్లే మరి!

అందుకే ఒక్క రూల్ గుర్తుపెట్టుకోండి. గడియారాన్ని కాకుండా పిండిని చూడాలి. పిండి రెట్టింపు అయిందంటే 40 నిమిషాలైనా, 90 నిమిషాలైనా టైమ్ అయిపోయినట్టే.

9 రోల్స్‌కు కావాల్సినవి

పిండి కోసం: మైదా 300 గ్రాములు, పాలు 180 మి.లీ., మెత్తటి వెన్న 45 గ్రాములు, చక్కెర 40 గ్రాములు, ఉప్పు ముప్పావు టీస్పూన్. ఇన్‌స్టంట్ ఈస్ట్ ఎండాకాలంలో 3 గ్రాములు (ఒక టీస్పూన్), చలికాలంలో 5 గ్రాములు (ఒకటిన్నర టీస్పూన్). గుడ్డు అక్కర్లేదు.

లోపలి పూతకు: మెత్తటి వెన్న 50 గ్రాములు, బ్రౌన్ షుగర్ 80 గ్రాములు, దాల్చిన చెక్క పొడి 2 టీస్పూన్లు, మైదా ఒక టీస్పూన్, చిటికెడు ఉప్పు.

గ్లాసులు, కప్పులతో కొలిస్తే మైదా తేడా వస్తుంది. కప్పులోకి గట్టిగా నొక్కితే ఎక్కువ, వదులుగా పోస్తే తక్కువ పడుతుంది. చిన్న కిచెన్ వెయింగ్ మెషీన్ ఉంటే సగం సమస్యలు అక్కడే తీరిపోతాయి.

ఈస్ట్ ప్యాకెట్ మీద "ఇన్‌స్టంట్" అని ఉంటే నేరుగా మైదాలో కలపొచ్చు. "యాక్టివ్ డ్రై" అని ఉంటే మాత్రం 45 మి.లీ. గోరువెచ్చటి పాలలో చిటికెడు చక్కెరతో 10 నిమిషాలు నానబెట్టాలి. ఆ 45 మి.లీ. మొత్తం పాల లెక్కలోంచి తీసేయాలి. నురగ రాకపోతే ఆ ఈస్ట్ చచ్చిపోయినట్టే. దాంతో ముందుకెళ్లొద్దు. మరిగే పాలలో వేసినా ఈస్ట్ బతకదు. వేలు పెడితే చురుక్కుమనకూడదు, హాయిగా ఉండాలి. తెరిచిన ప్యాకెట్‌ను గాలి తగలకుండా మూసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఎండాకాలం కిచెన్ అరలో ఉంచితే త్వరగా పవర్ పోతుంది.

ఎండాకాలం ట్రిక్: ఫ్రిజ్ పాలు

చలికాలంలో గోరువెచ్చటి పాలు వాడాలి. మార్చి నుంచి జూన్ వరకు మాత్రం ఇన్‌స్టంట్ ఈస్ట్‌తో ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలే వాడండి. మన దగ్గర మైదా డబ్బానే వేడిగా ఉంటుంది, కలిపేటప్పుడు చేతి వేడి కూడా తోడవుతుంది. చల్లటి పాలు వేస్తే పిండి సరైన వేడిలో ఆగుతుంది. యాక్టివ్ డ్రై అయితే నానబెట్టడానికి తీసిన 45 మి.లీ. తప్ప మిగతా పాలు చల్లగా ఉండాలి.

స్టెప్ 1: పిండి కలపడం

వెన్న తప్ప మిగతావన్నీ కలిపి 5 నిమిషాలు పిసకండి. తర్వాత వెన్న కొంచెం కొంచెంగా వేస్తూ మరో 8 నుంచి 10 నిమిషాలు పిసకాలి. మొదట్లో చేతికి అంటుకుంటుంది. కంగారుపడి పొడి మైదా చల్లితే రోల్స్ గట్టిగా వస్తాయి. పిండి చపాతీ ముద్ద కంటే మెత్తగా, భక్ష్యాల పిండి కంటే కొంచెం గట్టిగా ఉండాలి. చిన్న ముద్ద తీసి రెండు చేతులతో సాగదీస్తే తెగకుండా పలుచటి పొరలా వచ్చి, అందులోంచి వెలుతురు కనిపిస్తే పిండి రెడీ.

స్టెప్ 2: మొదటి పొంగు

నూనె రాసిన గిన్నెలో పెట్టి తడి బట్ట కప్పండి. ఎండాకాలం 40 నుంచి 50 నిమిషాలు, చలికాలం 75 నుంచి 90 నిమిషాలు పట్టొచ్చు. ఇవి అంచనా మాత్రమే. గిన్నె మీద పిండి మట్టం దగ్గర చిన్న టేప్ అతికిస్తే రెట్టింపు అయిందో లేదో ఈజీగా తెలుస్తుంది. పైకప్పు రేకులదైతే మధ్యాహ్నం చేయొద్దు, పొద్దున్నే మొదలుపెట్టండి.

స్టెప్ 3: పరచడం, చుట్టడం

పొంగిన పిండిని మెల్లగా నొక్కి గాలి తీసి, 35 సెం.మీ. పొడవు, 25 సెం.మీ. వెడల్పుతో దీర్ఘచతురస్రంలా ఒత్తండి. పూత కోసం వెన్నను కరిగించొద్దు. కరిగితే చక్కెరతో కలిసి పాకంలా బయటికి కారి, అడుగున మాడిపోతుంది. మెత్తగా ఉన్న వెన్న రాసి, దాని మీద చక్కెర, దాల్చిన చెక్క పొడి, మైదా కలిపి చల్లండి. ఆ ఒక్క స్పూన్ మైదా పాకాన్ని పట్టి ఉంచుతుంది.

దాల్చిన చెక్క పొడిని పిండిలోనే కలిపేస్తే ఈజీ కదా అనుకోవద్దు. దాల్చిన చెక్కలోని ఘాటు నూనెకు ఈస్ట్‌ను అడ్డుకునే గుణం ఉంది. ఎక్కువైతే పిండి పొంగదు. అందుకే అది పూతలోనే ఉండాలి.

పొడవు వైపు నుంచి చుట్టండి. మరీ బిగించి చుడితే కాలేటప్పుడు మధ్య భాగం పైకి తన్నుకొస్తుంది. ఎండాకాలం ఇక్కడో ఇబ్బంది. మన గది వేడికే వెన్న కరగడం మొదలవుతుంది. అందుకే చుట్టిన రోల్‌ను 15 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తర్వాత కోయండి. కత్తితో కోస్తే అణిగిపోతుంది. కుట్టు దారాన్ని రోల్ కింద నుంచి తెచ్చి, పైన రెండు కొసలు అడ్డంగా లాగితే ముక్క నీట్‌గా తెగుతుంది. 9 ముక్కలు చేసి, వెన్న రాసిన 8 అంగుళాల చదరపు ట్రేలో కొంచెం ఎడంగా పేర్చండి.

స్టెప్ 4: రెండో పొంగు

ఎండాకాలం 20 నుంచి 25 నిమిషాలు, చలికాలం 40 నుంచి 50 నిమిషాలు. వేలితో మెల్లగా నొక్కండి. గుంట వెంటనే నిండితే ఇంకొంచెం ఆగాలి. నెమ్మదిగా నిండి చిన్న మచ్చ మిగిలితే కాల్చడానికి రెడీ. అసలు నిండకపోతే టైమ్ దాటిపోయింది, వెంటనే ఓవెన్‌లో పెట్టేయండి.

స్టెప్ 5: కాల్చడం

ఓటీజీ అయితే: 180 డిగ్రీల దగ్గర 10 నుంచి 15 నిమిషాలు ముందే వేడిచేసి, పై, కింది రాడ్లు రెండూ ఆన్ చేసి 22 నుంచి 25 నిమిషాలు. 15 నిమిషాలకే పైన ఎర్రబడితే ఫాయిల్ కప్పండి.

ఎయిర్ ఫ్రైయర్ అయితే: 160 డిగ్రీల దగ్గర 12 నుంచి 15 నిమిషాలు. ఒకేసారి నాలుగైదు మాత్రమే పట్టొచ్చు. మిగతావి అప్పటిదాకా ఫ్రిజ్‌లో ఉంచాలి, బయట ఉంచితే ఎక్కువ పొంగిపోతాయి.

ఓవెన్ లేకపోతే: మందపాటి పాత కడాయి, అందులో స్టాండ్, పైన బరువైన మూత. మీడియం మంట మీద 10 నిమిషాలు వేడిచేసి, ట్రే లోపల పెట్టి, సన్నటి మంట మీద 30 నుంచి 35 నిమిషాలు ఉంచండి. పైన బ్రౌన్ రంగు పెద్దగా రాదు కానీ మెత్తగా ఉడుకుతాయి. ప్రెషర్ కుక్కర్‌లో నీళ్లు లేకుండా వేడిచేస్తే కుక్కరే పాడయ్యే ఛాన్స్ ఉంది, కాబట్టి కడాయే బెటర్.

మధ్యలో ఉన్న రోల్‌ను పుల్లతో గుచ్చితే పచ్చి పిండి అంటుకోకూడదు. అంచుల్లోవి ముందే రంగు వస్తాయి, వాటిని చూసి తీసేస్తే మధ్యలోవి పచ్చిగా ఉండిపోతాయి.

కరెంట్ పోతే? పిండి పొంగే దశలో ఉంటే ఏ ఇబ్బందీ లేదు. కాలుతుండగా పోతే ఓటీజీ తలుపు తీయొద్దు, లోపలి వేడితో కొంతసేపు ఉడుకుతూనే ఉంటుంది. కరెంట్ వచ్చాక మిగతా టైమ్ పూర్తి చేయండి.

ఐసింగ్ ఖర్చు లేకుండా..

క్రీమ్ చీజ్ చిన్న టౌన్లలో దొరకడం కష్టం, ధర కూడా ఎక్కువే. గట్టి పెరుగును బట్టలో మూటగట్టి, ఫ్రిజ్‌లో రెండు గంటలు నీళ్లు కారనివ్వండి. అది 3 టేబుల్ స్పూన్లు, చక్కెర పొడి 6 టేబుల్ స్పూన్లు, నాలుగు చుక్కల వెనీలా కలిపితే పుల్లపుల్లటి ఐసింగ్ రెడీ. రోల్స్ గోరువెచ్చగా ఉన్నప్పుడు పోయాలి. సలసల వేడి మీద పోస్తే నీళ్లలా జారిపోతుంది.

మన పల్లీ, బెల్లంతో ట్రై చేయండి

విదేశీ రెసిపీల్లో వాల్‌నట్స్, పీకాన్స్ వేస్తారు. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల చుట్టుపక్కల పల్లీకి కొదవ లేదు. వేయించి, పొట్టు తీసి, బరకగా దంచిన పల్లీలు ఒక పిడికెడు చల్లి చూడండి. బ్రౌన్ షుగర్ బదులు బెల్లం వాడితే పొడిపొడిగా ఉన్నదే తీసుకోండి. తడి బెల్లం పాకంలా కారిపోతుంది.

దాల్చిన చెక్కలో ఏది మంచిది?

షాపుల్లో రెండు రకాలుంటాయి. మందంగా, గట్టిగా, ఒకే పొరతో ఉండేది కేసియా. పలుచగా, చాలా పొరలతో చుట్టలా ఉండేది శ్రీలంక రకం, అసలు దాల్చిన చెక్క. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా వీటికి వేర్వేరు ప్రమాణాలు పెట్టింది. కేసియాలో కౌమరిన్ అనే పదార్థం ఎక్కువ. అది మోతాదు మించితే కొందరికి లివర్‌పై ప్రభావం పడొచ్చు. యూరప్ ఆహార భద్రతా సంస్థ లెక్క ప్రకారం రోజుకు కిలో శరీర బరువుకు 0.1 మి.గ్రా. కౌమరిన్ దాటకూడదు. అంటే 15 కిలోల పిల్లలకు 1.5 మి.గ్రా. మాత్రమే. అప్పుడప్పుడు ఒక రోల్ తింటే భయం లేదు. రోజూ చేసి పెట్టాలనుకుంటే మాత్రం శ్రీలంక రకం వాడటం మంచిది. లివర్ సమస్యలు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగాలి.

స్వీడన్‌లో వీటిని కానెల్‌బుల్లే అంటారు. 1999 నుంచి అక్కడ ఏటా అక్టోబర్ 4న ప్రత్యేకంగా సినమన్ రోల్ డే జరుపుకుంటారు. అంత చలి దేశపు వంటకాన్ని మన ఎండలో చేస్తున్నాం కాబట్టి ఈ జాగ్రత్తలు తప్పవు.

ఎక్కడ తేడా కొట్టిందో ఇలా కనిపెట్టండి

* కల్లు వాసన, కుంగిన రోల్స్: ఎక్కువసేపు పొంగింది. ఈసారి చల్లటి పాలు, తక్కువ ఈస్ట్.
* గట్టిగా, ఇటుకలా: పొడి మైదా ఎక్కువైంది, లేదా సరిగ్గా పిసకలేదు, లేదా ఈస్ట్ చచ్చింది.
* అడుగున మాడిన పాకం: వెన్న కరిగిపోయింది. చుట్టాక ఫ్రిజ్‌లో పెట్టడం మర్చిపోవద్దు.
* మధ్యలో పచ్చి: మంట ఎక్కువ, టైమ్ తక్కువ.

బెస్ట్ ప్లాన్ ఇదే!

ఎండాకాలంలో అన్నిటికంటే సేఫ్ పద్ధతి రాత్రి ఫ్రిజ్. సాయంత్రం కోసి ట్రేలో పేర్చిన రోల్స్‌ను గట్టిగా మూసి 8 నుంచి 12 గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. చల్లదనంలో పిండి నిదానంగా పొంగుతుంది, రుచి కూడా పెరుగుతుంది. పొద్దున్నే తీసి 30, 40 నిమిషాలు బయట ఉంచి, వేలితో నొక్కి చూసి కాల్చేయండి. ఎండ ముదరకముందే పని అయిపోతుంది.

మిగిలిన రోల్స్‌ను ఐసింగ్ లేకుండా డబ్బాలో మూస్తే మర్నాటికి బాగుంటాయి. తినేముందు ఇడ్లీ పాత్రలో రెండు నిమిషాలు ఆవిరి పడితే మళ్లీ మెత్తబడతాయి. పెరుగు ఐసింగ్ వేసినవి మాత్రం ఎండాకాలం బయట ఉంచొద్దు. బాగా కుదిరి ఆర్డర్లు తీసుకోవాలనిపిస్తే, అమ్మకానికి ముందు ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

రెండోసారి మేం చేసింది ఇలాగే. ఫ్రిజ్ పాలు, ఒక్క టీస్పూన్ ఈస్ట్, గిన్నెకు టేప్. సరిగ్గా 42 నిమిషాలకు పిండి టేప్ మీది గుర్తును దాటి రెట్టింపు అయింది. సాయంత్రానికి ట్రే ఖాళీ. ఈసారి అమ్మ వాసన చూసి ఏమీ అనలేదు, ఇంకొకటి అడిగింది.