మొరాయింపు పుట్టింది దుక్కిలోనే

ఇంగ్లీషు పేపర్లలో 'బాల్క్' అనే మాట తరచూ కనబడుతుంది. రేటు చూసి కొనేవాడు వెనక్కి తగ్గినా, షరతులు చూసి సంతకానికి జంకినా అదే మాట. మన మొరాయించడం లాంటిది. ఇది ఆఫీసుల్లో పుట్టిన మాట కాదండీ, దుక్కిలో పుట్టింది.

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో 'బాల్క' అంటే మట్టి గట్టు. చాళ్ల మధ్య దున్నకుండా మిగిలిన మట్టికీ అదే పేరొచ్చింది. అప్పట్లో అక్కడ చాలా ఊళ్లలో కంచెల్లేని పెద్ద పొలాలు, ఒక్కో రైతుకు అక్కడొకటి ఇక్కడొకటి పొడుగాటి చెక్కలు. కొన్నిచోట్ల చెక్కల మధ్య గడ్డి గట్టు వదిలేవారు. దాన్ని దున్ని కలిపేసుకున్నవాడికి దొరగారి కోర్టులో జరిమానా. ఈ తగువు మీకు తెలియనిదా! నాటింగ్‌హామ్‌షైర్‌లోని లాక్స్టన్ ఊళ్లో ఆ చెక్కల సాగు ఇప్పటికీ నడుస్తోంది.

1300ల చివరికి, దున్నుతూ మధ్యలో కొంత వదిలేయడాన్నే 'బాల్క్' చేయడం అన్నారు. తర్వాత ఏ పనైనా కావాలని దాటేయడానికి వాడారు. ఆపైన, అడ్డు చూసి గుర్రం టక్కున ఆగిపోవడానికి. మనిషికి అంటుకున్నది ఆ గుర్రం మాటే. గట్టిగా కాదనడం కాదు, అక్కడిదాకా వచ్చి కాలు ముందుకు పడకపోవడం.