తురకలు సుల్తాన్‌ను దించిన రోజు

ఊళ్లో మమ్మల్ని తురకోళ్లంటారు. మా మాటను తురకం అంటారు. మాలో చాలామందిమి టర్కీని పటంలో తప్ప చూడలేదు. మా తాతలు దూదేకినవాళ్లు, మాంసం కొట్టినవాళ్లు, గాజులమ్మినవాళ్లు. ఈ మట్టిలోనే పుట్టి ఈ మట్టిలోనే కలిశారు. అయినా పేరు తురకలు. పేరు ఎలాగూ మోస్తున్నాం గనక అసలు తురకలు ఏటా జరుపుకునే పండుగేమిటో చూద్దాం.

అది అక్టోబరు 29. 1923లో ఆ రోజు అంకారాలోని మహాసభ టర్కీని రిపబ్లిక్‌గా ప్రకటించింది. ముస్తఫా కెమాల్ మొదటి అధ్యక్షుడయ్యాడు. 1925లో చట్టం చేసి దాన్ని జాతీయ పండుగ చేశారు. అంతకుముందే, 1922 నవంబరు 1న, ఆరు వందల ఏళ్ల ఉస్మానీ గద్దెను అదే సభ రద్దు చేసింది. చివరి సుల్తాన్ బ్రిటిష్ యుద్ధనౌక ఎక్కి వెళ్లిపోయాడు. 1924 మార్చి 3న ఖిలాఫత్ కూడా పోయింది. ఖలీఫా అబ్దుల్ మజీద్‌ను కుటుంబంతో సహా దేశం దాటించారు. దించినవాళ్లూ ముస్లిములే, దిగినవాళ్లూ ముస్లిములే.

ఆ ఖిలాఫత్ కోసమే ఇక్కడ మా పెద్దలు చందాలు పోగేశారు, జైళ్లకు పోయారు. గాంధీజీ వాళ్లతో నడిచారు. తీరా దాన్ని తీసేసింది ఇంగ్లీషువాడు కాదు, తురకలే.

ఆ ఇల్లు కూలిన చప్పుడు హైదరాబాదుకూ చేరింది. నిజాం ఖలీఫాకు భరణం పంపాడు. 1931లో ఫ్రాన్సులోని నీస్‌లో ఖలీఫా కూతురు దుర్రెషెవార్‌ను పెద్దకొడుక్కి, అదే వంశపు నీలోఫర్‌ను చిన్నకొడుక్కి చేసుకున్నాడు. నీలోఫర్ ఆసుపత్రికి బిడ్డల్ని ఎత్తుకుని పరుగెత్తే తల్లుల్లో ఈ సంగతి ఎందరికి తెలుసు? ఒక గద్దె పోయిన ఇంటి ఆడపిల్లలు ఇంకో గద్దె ఇంటికొచ్చారు. పదిహేడేళ్లకు అదీ పోయింది.

ఆ 1948 సెప్టెంబరు 17 దగ్గరే మమ్మల్ని నిలబెట్టి అడుగుతారు: మీరు నిజాం వైపా, దేశం వైపా? విమోచనమన్నా, విలీనమన్నా, ఏ ప్రభుత్వం ఏ పేరు పెట్టినా ప్రశ్న మాకే. ఇండియాలో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్లు చంపిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ మావాడు కాడా? నిజాంపై పోరుకు పిలుపిచ్చిన మఖ్దూం మావాడు కాడా? సైన్యం వచ్చాక సాగిన మారణకాండలో తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది పోయారని సుందర్‌లాల్ కమిటీ లెక్కగట్టింది. ఆ నివేదిక 2013 దాకా జనం ముందుకు రాలేదు. రజాకార్ల పాపాన్ని రాజు ముఖం చూడని పేదలు మోశారు.

అలాగని టర్కీని నెత్తిన పెట్టుకోమనడం లేదు. రిపబ్లిక్ పుట్టిన 1923లోనే గ్రీసుతో జనమార్పిడి ఒప్పందం జరిగింది. సుమారు 12 లక్షల మంది క్రైస్తవులు అటు, దాదాపు 4 లక్షల మంది ముస్లిములు ఇటు. భాష అడగలేదు, పుట్టిన ఊరడగలేదు, మతమే అడిగారు. టర్కీ భాష తప్ప రాని క్రైస్తవులు కూడా గ్రీకులైపోయారు. రాజు పోగానే మైనారిటీ భయం పోదని అక్కడే తేలింది.

ఇక్కడా అంతే. 1950 జనవరి 26న హైదరాబాదు రిపబ్లిక్‌లో భాగమైంది. గద్దె దిగిన నిజాం ఆ రోజునుంచి 1956 దాకా రాజప్రముఖ్‌గా ఉన్నాడు. ఆయనకు గౌరవం దక్కింది. ఏనాడూ గద్దె ఎక్కని మాకు అనుమానం దక్కింది. జనవరి 26 మాదీ. రాజులేని దేశంలో రాజుగారి లెక్కలు మమ్మల్ని అడగొద్దు.