మన వంటింటికి వచ్చిన చుట్టాలు



ప్రతి ఏడాదీ ఈ సంచికలో మనం పొదుపు ఎంత, అప్పు ఎంత, తిరిగి కట్టింది ఎంత అని రాసుకుంటాం. ఈసారి నన్ను ఒక వ్యాసం రాయమన్నారు. నేను చదివింది పదో తరగతి. పెద్ద పెద్ద సంగతులు రాయలేను. అందుకే మనందరికీ తెలిసిన వంటింటి గురించి రాస్తున్నాను. వంటింటికి చరిత్ర ఏముంటుందిలే అనుకోవద్దు. మన పోపులపెట్టెలో దేశదేశాల చరిత్ర ఉంది.

ఇది రాయడానికి ఒక కారణం ఉంది. పోయిన ఏడాది మండలంలో సంప్రదాయ వంటల స్టాళ్లు పెట్టాలని అనుకున్నాం. ఏం వండాలో మా గ్రామ సంఘం మీటింగులో మాట్లాడుకున్నాం. గోంగూర పచ్చడి, పులిహోర, అరిసెలు, బొబ్బట్లు, నాటుకోడి కూర అని తలా ఒకటి చెప్పారు. మా సంఘంలో ఉన్న ముస్లిం చెల్లెలు "నేను డబల్ కా మీఠా చేస్తా అక్కా" అంది. ఇటుక బట్టీ పనికి ఒడిశా నుంచి వచ్చి, మా ఊళ్లోనే స్థిరపడి, మూడేళ్లుగా మాతో పాటు పొదుపు కడుతున్న అమ్మాయి "నేను పఖాళ చేస్తా" అంది. అప్పుడు ఒక పెద్దామె, "అవి మన వంటలు కాదు కదా. సంప్రదాయ వంటలని బోర్డు పెట్టి పరాయి వంటలు పెడితే జనం నవ్వరూ?" అంది. ఎవరూ మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేదు. "మన వంటలు మాత్రమే పెట్టాలి" అని తీర్మానం రాసింది నా చెయ్యే. తర్వాతి రెండు మీటింగులకు ఆ ఇద్దరూ డబ్బులు పంపించారు గానీ మనిషి రాలేదు.

ఆ "పరాయి" అన్న మాట నన్ను వదల్లేదు. మన వంటలంటే ఏవి? ఎప్పటి నుంచి మనవి? మా అమ్మాయి సాంఘిక శాస్త్రం పుస్తకంతో మొదలుపెట్టి, దొరికినవి చదివి, తెలిసిన టీచర్లను అడిగి కొంత తెలుసుకున్నాను. తెలుసుకున్నాక నాకే సిగ్గనిపించింది. మీకూ చెప్తాను, వినండి.

మిరపకాయ కథ

మనది పల్నాడు, గుంటూరు ప్రాంతం. మిరపకాయ అంటే మనదే అనుకుంటాం. గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్లలో ఒకటి. గుంటూరు సన్నం మిరపకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మనలో చాలామందిమి మిరప కోతలకు పోయినవాళ్లమే, తొడిమలు తీసి చేతులు మండి రాత్రంతా నిద్ర పట్టక చన్నీళ్లలో చేతులు పెట్టుకుని కూర్చున్నవాళ్లమే. అలాంటి మిరపకాయ ఈ దేశంలో పుట్టలేదు.

దాని పుట్టిల్లు అమెరికా ఖండం. మెక్సికో, ఇంకా దక్షిణాన ఉన్న దేశాల్లో అక్కడి జనం వేల ఏళ్లుగా పండించుకుని తిన్నారు. మన దేశానికి దారి కనిపెడదామని 1492లో కొలంబస్ ఓడలో బయలుదేరి, దారి తప్పి అక్కడికి చేరాడు. వాళ్లకు కావలసింది మిరియాలు. ఆ రోజుల్లో యూరప్‌లో మిరియాలకు అంత గిరాకీ. అక్కడ మిరియాలు దొరకలేదు, కారంగా ఉండే ఈ కాయ దొరికింది. అందుకే ఇంగ్లీషు వాళ్లు ఇప్పటికీ మిరియాన్నీ పెప్పరే అంటారు, మిరపనూ పెప్పరే అంటారు. 1498లో పోర్చుగీసు వాడు వాస్కోడగామా కాలికట్ చేరాడు. 1510లో పోర్చుగీసు వాళ్లు గోవాను పట్టుకున్నారు. ఆ తర్వాత వాళ్ల ఓడల్లోనే మిరప మన దేశంలో దిగింది. మిరియాలు పట్టుకుపోదామని వచ్చినవాళ్లు మిరపకాయ ఇచ్చిపోయారన్న మాట.

దానికి మనవాళ్లు పెట్టిన పేరు చూడండి. మిరియం, మిరప – ఒకే ఇంటి పిల్లల పేర్లలా లేవూ? తమిళంలో మిరియాన్ని మిళగు అంటారు, మిరపకాయను మిళగాయ్ అంటారు. అంటే మిరియపు కాయ అని. హిందీలో రెండూ మిర్చే. కొత్తగా వచ్చినదానికి పాతదాని పేరే పెట్టి ఇంట్లో కలిపేసుకున్నారు.

మరి అంతకుముందు కారం లేదా అంటే ఉంది. మిరియాలు, పిప్పళ్లు, అల్లం, ఆవాలు ఉండేవి. కానీ మిరియం తీగ అన్ని చోట్లా రాదు. మలబారు వైపు వానలు ఎక్కువగా పడే కొండల్లో బాగా వస్తుంది. మనలాంటి మెట్ట ప్రాంతంలో కొనుక్కోవాల్సిందే. మిరప అలా కాదు. పెరట్లో నాలుగు గింజలు చల్లితే మొలుస్తుంది. పచ్చిగా తినొచ్చు, ఎండబెడితే ఏడాదంతా ఉంటుంది. ఏమీ లేని రోజున కాస్త కారం, ఉప్పు, ఉల్లిపాయ ఉంటే సంగటి ముద్ద గొంతు దిగుతుంది. పేదింట్లో రుచి పెట్టింది కాబట్టే మిరప ఇంతగా పాతుకుపోయింది.

శ్రీనాథ కవి దాదాపు 600 ఏళ్ల కిందటి మనిషి. పల్నాడు వచ్చి ఇక్కడి జొన్నకూటి మీద విసుక్కున్నాడని చెప్పే చాటు పద్యాలు ఆయన పేరున ఉన్నాయి. మనకు కోపం రావొచ్చు గానీ ఒక్క సంగతి ఆలోచించండి. ఆయన వచ్చినప్పుడు పల్నాడులో ఒక్క మిరప చెట్టు కూడా లేదు. ఆయనకు పెట్టిన జొన్నన్నంలోకి మిరపకాయ పచ్చడి లేదు.

ఆవకాయ సంగతీ అంతే. ఎర్రగా కారం లేకుండా ఆవకాయను మనం ఊహించుకోలేం. కానీ దాని పేరులో ఉన్నది ఆవ, అంటే ఆవపిండి. కారం ఆ జాడీలోకి తర్వాత వచ్చిన చుట్టం.

పేర్లు మార్చుకుని కలిసిపోయినవి

అదే దారిలో వచ్చినవి ఇంకా చాలా ఉన్నాయి. వేరుశనగ దక్షిణ అమెరికాది. ఇప్పుడు అనంతపురం రైతు బతుకంతా దాని మీదే ఆధారపడి ఉంది. టమాటా కూడా అక్కడిదే. పాతకాలం వాళ్లు కొన్నిచోట్ల దాన్ని రామములగ అనేవారు. ఇవాళ మదనపల్లె టమాటా మార్కెట్టు పేరు తెలియనివాళ్లు లేరు. బంగాళాదుంప, మొక్కజొన్న, బొప్పాయి, జామ, అనాస, జీడిమామిడి, అన్నీ అమెరికా ఖండం నుంచి వచ్చినవే.

సీతాఫలం మాట వింటే ఆశ్చర్యపోతారు. దాని సొంత ఊరూ అమెరికా ఖండమే. మనవాళ్లు సీతమ్మ పేరు పెట్టారు. పక్కనే ఉన్న ఇంకో పండుకు రామాఫలం అని పేరు పెట్టారు. ఇక వాటిని పరాయివి అనే ధైర్యం ఎవరికి ఉంటుంది? కొన్నిటికి మాత్రం "సీమ" అన్న మాట మిగిలింది. సీమ అంటే విదేశం. సీమచింతకాయ మెక్సికో వైపు నుంచి వచ్చింది కాబట్టే ఆ పేరు. పిల్లలు రాళ్లతో కొట్టుకుని తినే ఆ కాయకు ఎంత ప్రయాణమో చూడండి.

మరి జొన్నలు, రాగులు, సజ్జలు మనవే కదా అని నేనూ అడిగాను. అవి ఆఫ్రికా నుంచి వేల ఏళ్ల కిందటే వచ్చాయట. చింతచెట్టు కూడా ఆఫ్రికాదే. అది ఎంత పాతకాలంలో వచ్చిందంటే, అరబ్బు వర్తకులు మన దగ్గర చూసి దాన్ని "తమర్ హిందీ" అన్నారు. అంటే హిందూదేశపు ఖర్జూరం. ఇంగ్లీషులో టామరిండ్ అనే మాట దాన్నుంచే వచ్చింది. ఆఫ్రికా చెట్టుకు మన దేశం పేరు పడింది. మన పులుసు, మన పప్పుచారు, మన పులిహోర దాని మీదే నిలబడ్డాయి.

ఇప్పుడు మా మొదటి జాబితా మళ్లీ చూడండి. గోంగూర పచ్చడిలో ఎండుమిరపకాయలు, పులిహోరలో చింతపండు, వేరుశనగ గుళ్లు, నాటుకోడి కూరలో కారం. చుట్టాలను బయటికి పంపిస్తే గిన్నెలో ఏం మిగులుతుంది?

వంటలు కూడా నడిచి వచ్చాయి

దినుసుల్లాగే వంటలు కూడా ప్రయాణం చేశాయి, దారిలో మారాయి. ఇడ్లీ పేరు సుమారు 920 నాటి "వడ్డారాధనె" అనే కన్నడ పుస్తకంలో ఇడ్డలిగె అని ఉంది. అప్పటి ఇడ్లీ మినపప్పుతో చేసేవారు. బియ్యం రవ్వ కలపడం తర్వాత వచ్చింది.

సమోసా మధ్య ఆసియా, పర్షియా వైపు నుంచి వచ్చింది. 1330ల్లో ఢిల్లీలో తుగ్లక్ దర్బారులో ఉన్న ఇబన్ బతూతా అనే యాత్రికుడు దాని గురించి రాశాడు. అప్పుడు లోపల ఖీమా, బాదం, పిస్తా పెట్టేవారు. బంగాళాదుంప అప్పటికి ఈ దేశానికే రాలేదు.

హలీం సంగతి దగ్గరిదే. యెమెన్ దేశపు అరబ్బులు నిజాం సైన్యంలో చేరి హైదరాబాదులో ఉండిపోయారు. వాళ్లు ఉన్న చోటే బార్కస్. బ్యారక్స్ అన్న మాట అలా మారింది. వాళ్ల ఇళ్లల్లో గోధుమలు, మాంసం కలిపి గంటలకొద్దీ ఉడికించే వంట పేరు హరీస్. హైదరాబాదులో దానికి పప్పులు, నెయ్యి, మసాలాలు, వేయించిన ఉల్లిపాయలు చేరి హలీం అయ్యింది. 2010లో హైదరాబాద్ హలీంకు భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. పరాయి దేశపు వంట మన ఊరి పేరుతో గుర్తింపు తెచ్చుకుంది.

మా చెల్లెలు చెప్పిన డబల్ కా మీఠా కూడా అలాంటిదే. డబల్ రొట్టె, అంటే మనం కొనే బ్రెడ్డు, యూరప్ వాళ్లతో వచ్చింది. హైదరాబాదు ఇళ్లల్లో ఆడవాళ్లు దాన్ని నేతిలో వేయించి, పాకంలో, పాలలో నానబెట్టి, మీద జీడిపప్పు వేసి పెళ్లి విందులో పెట్టే మిఠాయి చేశారు.

మనవాళ్లు కూడా బయటికి పోయారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 342 మందితో దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. చెరకు తోటల్లో కూలికి కట్టుబడి పోయినవాళ్లు. ఆ తర్వాత ఇంకా ఓడలు పోయాయి, తెలుగువాళ్లూ పోయారు. డర్బన్‌లో భారతీయుల చేతి కూరను, మధ్యలో తొలిచిన బ్రెడ్డులో పోసి తినే అలవాటు పుట్టింది. దాన్ని బన్నీ చౌ అంటారు. ఇవాళ అది డర్బన్ ఊరి సొంత వంట. అక్కడ ఎవరో ఒకరు ఆ కూలి మనుషుల కూర తిన్నారు కాబట్టే అది నిలబడింది.

ఇక పఖాళ. ఇది తెలుసుకున్నప్పుడే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పఖాళ అంటే రాత్రి అన్నంలో నీళ్లు పోసి పులియబెట్టి, పొద్దున్నే తినేది. మన చద్దన్నం! దాంట్లోకి వాళ్లు వడియాలు చిదిమి, వెల్లుల్లి, ఉల్లి, పచ్చిమిరప కలిపి బడి చూర చేసుకుంటారు. పూరీ జగన్నాథ స్వామికి కూడా పఖాళ నైవేద్యం పెడతారు. మార్చి 20న ఒడిశా వాళ్లు పఖాళ పండగ చేసుకుంటారు. మనం మాత్రం చద్దన్నం తిన్నామని చెప్పుకోవడానికి నామోషీ పడతాం. ఆ అమ్మాయి నామోషీ లేకుండా చెప్పింది. మనం వద్దన్నాం.

పేరు రాయని చేతులు

చదువుతూ ఉంటే ఇంకో సంగతి కనపడింది. ఓడ నడిపినవాడి పేరు ఉంది. ఊరు గెలిచినవాడి పేరు ఉంది. మామిడికాయ ముక్కల్లో మొదటిసారి మిరప్పొడి కలిపిన ఆడమనిషి పేరు ఎక్కడా లేదు. కొత్త కాయను చూసి, విషమేమో అని భయపడి, కొంచెం నాలుక మీద పెట్టుకుని, పప్పులో వేసి పిల్లలకు పెట్టిన తల్లి పేరు లేదు. ఈ చుట్టాలందరినీ ఇంట్లో కలుపుకున్నది ఆ చేతులే.

వండి పెట్టి పేరు నిలిచినవాళ్లు చాలా అరుదు. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ గారు (1841–1909) ఒకరు. ఆకలితో వచ్చినవాళ్లకు కులం, వేళ చూడకుండా అన్నం పెట్టారు. మన రాష్ట్రంలో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి 2024లో ఆమె పేరు పెట్టారు. ఆమె ఏ వంట ఎవరిది అని అడిగి ఉంటే ఇవాళ ఆ పేరు ఉండేది కాదు.

మా సంఘంలో ఏం చేశాం

మొన్నటి మీటింగులో నేను ఇవన్నీ చదివి వినిపించాను. పోయినసారి మాట్లాడనందుకు తప్పు నాదని ఒప్పుకున్నాను. పాత తీర్మానం కొట్టేసి కొత్తది రాశాం. ఈసారి స్టాలు బోర్డు మీద "మా ఊరి ఇళ్లల్లో వండుకునే వంటలు" అని ఉంటుంది. మా సభ్యురాలి ఇంట్లో పొయ్యి మీద ఉడికేది ఏదైనా మా ఊరి వంటే.

అభ్యంతరం చెప్పిన పెద్దామె ఊరికే ఒప్పుకోలేదు. "మిరపకాయ సంగతి సరే గానీ, తినేవాళ్లు తినొద్దూ?" అంది. ఆ మాట కూడా నిజమే. అందుకని ఒక ఆదివారం తలా ఒక గిన్నె తెచ్చుకుని కూర్చున్నాం. ఒడిశా అమ్మాయి పఖాళ తెచ్చింది. పెద్దామె రెండు ముద్దలు తిని, "మా అమ్మ దీంట్లో మజ్జిగ పోసేది" అంది. అంతకన్నా ఏమీ అనలేదు. గిన్నె మాత్రం ఖాళీ చేసింది. మా ముస్లిం చెల్లెలు ఇంకా రాలేదు. "చూస్తాలే అక్కా" అంది. ఒకసారి నొచ్చుకున్న మనసు ఒక తీర్మానంతో మారదు కదా. మళ్లీ వాళ్లింటికి వెళ్లి అడుగుతాను.

ఇంకో పని కూడా మొదలుపెట్టాం. సంఘానికి ఒక వంద పేజీల నోటుబుక్కు కొన్నాం. పొదుపు పుస్తకం పక్కనే పెట్టాం. ప్రతి సభ్యురాలు తన ఇంటి వంట ఒకటి చెప్తుంది, రాయడం వచ్చినవాళ్లు రాస్తారు. ఏ దినుసు ఎంత, ఎవరి దగ్గర నేర్చుకుంది, వాళ్లది ఏ ఊరు, అన్నీ రాస్తాం. చివర్లో చెప్పినామె సంతకం. సంతకం రానివాళ్లది వేలిముద్ర. ఇప్పటికి 11 వంటలు అయ్యాయి. మొదటి పేజీలో ఉన్నది మా అత్తమ్మ చేసే చింతచిగురు పప్పు.

అన్ని గ్రామ సంఘాలూ ఇలా ఒక పుస్తకం పెట్టుకుంటే, వచ్చే ఏడాది ఈ సంచికలో వాటిలోంచి కొన్ని వంటలు, వాటి కింద పేర్లు అచ్చు వేయమని సమాఖ్య పెద్దలను కోరుతున్నాను. ఎవరైనా "ఇది మన వంట కాదు" అంటే, ముందు ఆ వంట తినిపించి, తర్వాత మిరపకాయ కథ చెప్పండి.